ఎడమ కఫ్ మీద పూలవాసన

వాసన కాలరు మీద లేదు. ఎడమ చేతి కఫ్ మీద మాత్రమే ఉంది.

చొక్కాను బకెట్లో ముంచబోతున్న కోడలు ఆగి, మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. సందేహం లేదు. ఆడవాళ్ళ సెంటు. గుప్పుమనే పూలవాసన. చొక్కా భర్తదైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరి వేసి ఉండేది. కానీ అది మామగారిది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిది.

భర్త ముఖానికి చొక్కా పట్టింది. "ఏమైనా తెలుస్తోందా?"

"చెమటా?" అన్నాడతను. సైనస్ పట్టిన ఆ ముక్కుకు గులాబీ, కిరసనాయిలూ ఒకటే.

"పూల సెంటు. రోజూ ఇదే వాసన."

"నన్ను వదిలేసి నాన్న మీద పడ్డావా? గడియారాల కొట్టు మూసేశాక పొద్దుపోక అలా తిరిగొస్తున్నాడు. ఒంటరి మనిషి."

"నా భయమూ అదే."

ఆమె అనుమానం ఊరికే పుట్టలేదు. మామగారు నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసినవారు. స్నానానికి తప్ప చేతి గడియారం విప్పరు. అలాంటి మనిషి మధ్యాహ్నం మూడున్నర కాగానే దాన్ని బల్ల మీద వదిలేసి బయల్దేరతారు. వెళ్ళేముందు ఆ సన్నటి వేళ్ళ గోళ్ళను నున్నగా అరగదీసుకుంటారు. చేతులకు క్రీము రాసుకుంటారు. ఆ క్రీము కోడలిదే. డబ్బా అడుగంటాక గాని ఆమెకు ఆ సంగతి తెలియలేదు.

అదీ సరిపెట్టుకునేదే. కానీ నిన్న మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే అత్తగారి వెండి గాజు కనిపించలేదు. పెళ్ళయిన వారానికి మామగారు దాన్ని చూపించి, "ఇది నీదేనమ్మా. ఇంకొన్నాళ్ళు నా దగ్గర ఉండనీ" అన్నారు. ఇప్పుడా గాజు ఏ మహాతల్లి చేతికి ఎక్కిందో.

అత్తగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కోడలు ఆవిడను చూడలేదు. హాల్లో ఉన్నది గుర్తింపు కార్డు ఫొటోను పెద్దది చేయించినది. బిగించిన పెదాలు, బెదురు చూపు. నోట్లో నాలుక లేని మనిషి అనుకుంది కోడలు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో ఏదీ తిన్నగా చెప్పరు. పెళ్ళికి అత్తగారి తల్లి రాలేదేమని అడిగితే కూడా "పెద్దావిడ, కదల్లేదు" అని మాట మార్చేశారు.

సాయంత్రం ఆమె చొక్కాను సంచిలో పెట్టుకుని సెంట్ల దుకాణానికి వెళ్ళింది.

కౌంటర్లో అమ్మాయి కఫ్ వాసన చూసి కళ్ళు మూసుకుంది. "ముందు గులాబీ, వెనకాల మల్లె. పాత రకం మేడమ్. ఇప్పుడెవరూ అడగట్లేదు. ఒక పెద్దాయన తప్ప."

"సన్నగా, తెల్లజుట్టు?"

"ఆయనే. గిఫ్ట్ కాగితం చుట్టమంటారా అంటే అక్కర్లేదన్నారు."

"ఎలాంటి ఆడవాళ్ళు వాడతారిది?"

"నెమ్మదస్తులు వాడరు మేడమ్. కొందరుంటారు చూడండి, మనిషి కంటే ముందు నవ్వు లోపలికొస్తుంది. పదిమందిలో ఉన్నా మాట వాళ్ళదే. అడక్కుండా సలహా ఇస్తారు, వద్దన్నా ఊరుకోరు. అలాంటివాళ్ళది." ఆ అమ్మాయి కోడల్ని ఎగాదిగా చూసింది. "మీకైతే నప్పదు. వేరేది చూపించనా?"

ఇంటికొచ్చేసరికి ఆమె కళ్ళముందు ఒక మనిషి పూర్తిగా తయారైపోయింది. రంగేసిన జుట్టు, కాలు మీద కాలు, ఇకిలింపు. మామగారి ఎడమ చేయి పట్టుకు వేలాడుతోంది. ఆవిడ చేతికి ఆ నోరులేని ఇల్లాలి గాజు.

మర్నాడు మూడున్నరకు ఆమె వెనకాలే బయల్దేరింది. మామగారు బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నారు. ఆమె వెనక తలుపు నుంచి ఎక్కి, ఒక లావుపాటాయన చాటున నిలబడింది. రెండు స్టాపులు దాటాయో లేదో ఆ వాసన బస్సంతా వ్యాపించింది.

అంటే ఆవిడా ఈ బస్సులోనే ఉంది.

ఒక్కో ముఖాన్నీ వెతికింది. పుస్తకం చదువుకుంటున్న విద్యార్థిని. కూరగాయల సంచీ మీద తలవాల్చి నిద్రపోతున్న ఆవిడ. పిల్లాడి ముక్కు తుడుస్తున్న తల్లి. ఎవరూ ఆ సెంటు మనిషిలా లేరు.

మామగారు దిగి, ఎదురుగా ఉన్న వృద్ధాశ్రమంలోకి వెళ్ళారు. సంగతి అర్థమైంది. ఇక్కడి నర్సో, మేనేజరో.

గుమ్మంలో ఆయా ఆపింది. "గడియారాల పెద్దాయన కోసమా? ఏడో గది. రోజూ నాలుగింటికొచ్చి గంటసేపు కూర్చుంటారు. లోపల మాట్లాడకండమ్మా. ఆయన కూడా మాట్లాడరు."

'ఎందుకు మాట్లాడతారు, ఆవిడ ఊపిరి సలపనిస్తేగా' అనుకుంది కోడలు. అనాల్సిన మాట దారంతా నూరుకుంటూనే వచ్చింది. ఆ గాజు ఎవరిది మామగారూ? అంతే. ఒక్క మాట. తలుపు తోసింది.

మంచం పక్కన కుర్చీలో ఉన్న మామగారు ఉలిక్కిపడి, కుడిచేతి వేలు పెదాల మీద పెట్టుకున్నారు. ఆయన కళ్ళు బతిమాలుతున్నాయి. ఎడమ చేయి మంచం మీద ఉన్న పండు ముసలావిడ రెండు చేతుల మధ్యా ఉంది. తెరుచుకునే ఉన్న ఆవిడ కళ్ళు ఎటూ చూడటం లేదు.

"నోరు మూయమన్నా మూసేదానివి కాదు, ఆ పాడు గొంతు జబ్బు ఎప్పుడు తగ్గి నవ్వుతావే తల్లీ" అంటూ ఆవిడ మామగారి మణికట్టును ఆప్యాయంగా వాసన చూసి, దానికున్న వెండి గాజును తడిమి, "ఈసారొచ్చేటప్పుడు మీ ఆయన్ని కూడా తీసుకురా" అంది.