విప్పని ముడులు

"కాకినాడ రేవులో పామాయిల్ ధర ఇంకా దిగిందంట. మీరూ కిలోకి రూపాయి తగ్గించాలి, అన్వరీ గారూ," అన్నాడు దుర్గాప్రసాద్. ఆటోనగర్‌లో అతనిది చిన్న సబ్బుల ఫ్యాక్టరీ.

"పొయ్యి దగ్గర మాడేది నేనండీ, కాకినాడ వాళ్లు కాదు," అంది అన్వరీ.

భర్త పోయాక ఆమె వన్ టౌన్ మాంసం కొట్లలో గొర్రె కొవ్వు కొని, కరిగించి, సబ్బుల తయారీకి ప్రతి సోమవారం నాలుగు డబ్బాలు అతనికే తెచ్చిస్తోంది. ప్రతి వారం ఇదే బేరం. చివరికి అర్ధరూపాయి దగ్గర తెగేది. పిసినారి మనిషని ఇంటికి చేరేదాకా తిట్టుకునేది. ఏడాదిగా ఖాళీ డబ్బాలు మాత్రం కొత్తవి తిరిగిస్తున్నాడు. అదొక్కటే ఆమెకు నచ్చేది.

ఆ రోజు డబ్బాలు తెచ్చిచ్చే మనిషి రాలేదు. తనే షెడ్డు వెనక భాగంలోకి వెళ్లింది.

అక్కడ గోడ వారగా, పైకప్పు దాకా, తను తెచ్చిన డబ్బాలే ఉన్నాయి. మూతల మీద భర్త పాత లుంగీలు చింపి తను కట్టిన గుడ్డలు. ఒక్క ముడీ విప్పలేదు. పక్కన పామాయిల్ ఖాళీ డబ్బాలు. తనకు తిరిగొస్తున్నవి అవే.

అక్కర్లేని సరుకుకి అతను ఏడాదిగా బేరమాడుతున్నాడు.

అన్వరీ కొంగుతో ముఖం తుడుచుకుని ముందుకొచ్చింది.

"పైసా కూడా తగ్గించనండీ. అయినా వచ్చే వారం నుంచి సరుకు లేదు. కొట్ల వాళ్లు కొవ్వు వేరేవాళ్లకి ఇస్తున్నారు."

దుర్గాప్రసాద్ షెడ్డు వైపు చూశాడు. ఆమె చేతిలో ఖాళీ డబ్బాలు లేవు.

"మరి మీకు..." అని ఆగి, "మరి మా సబ్బులకెట్లాగండీ?" అన్నాడు.