పిల్లిని గుద్దిందెవరు?

మా గేటు ముందు పిల్లి చచ్చి పడుంది. దాని పక్కన నిలబడి మా ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు.

"కళ్లు నెత్తికెక్కించుకుని నడుపుతారు వెధవలు! ఇరవయ్యేళ్లలో నేనొక్క చీమనైనా తొక్కానా?"

"వాడి చేతులు పడిపోనూ! వాడి బండి తుప్పు పట్టిపోనూ!" అంటూ అత్తయ్య అందుకున్నారు.

ఇందాక కాలేజీ నుంచి వస్తూ గేటు దగ్గర కారు ఎగిరిపడితే రాయేమో అనుకున్నాను. నిజానికి రాయే అయితే బాగుండునని అనుకుని, దిగి చూడకుండా లోపలికి వచ్చేశాను. ఇప్పుడు చెప్పెయ్యాలా? చెబితే ఈ ఉపన్యాసం నాకు యావజ్జీవం.

"టైరుకి రక్తం అంటుకునే ఉంటుంది. వీధిలో కార్లన్నీ చూస్తాను. ముందు నీదే చూద్దాం, రేపు మనల్నెవరూ వేలెత్తి చూపకూడదు," అన్నారాయన.

ఆయన నా కారు ముందు వంగగానే, "ఏమండీ, అది..." అన్నాను. అత్తయ్య నా జబ్బ గట్టిగా గిల్లారు.

"శుభ్రంగా ఉంది!" అంటూ ఆయన పక్కింటి కారు మీదికి బయల్దేరారు.

"నువ్వు లోపలికి రాగానే నేనే కడిగేశానే," అన్నారు అత్తయ్య నా చెవిలో. "నీకిదే మొదలు. నీ మొగుడి కారు ఎన్నిసార్లు కడిగానో వాడికే తెలీదు."