వెడల్పు లెన్సు

ఓబులేసు కెమెరా కంటికి ఆనించుకునే కాఫీ అడిగాడు.

అలివేలు గ్లాసు తెచ్చి పక్కనున్న స్టూలు మీద పెట్టింది. పెట్టానని చెప్పింది కూడా. అతను కెమెరా దించి, చెయ్యి చాచి, గ్లాసు కాస్తా తోసేశాడు. నేలంతా కాఫీ.

"చూసుకోలేదు" అన్నాడు.

"అదొక్కటేనా నువ్వు చూసుకోనిది!" అంది అలివేలు, గుడ్డ కోసం లోపలికి పోతూ.

ఆ ఇంట్లో గొడవంతా ఆ లెన్సు వచ్చిన నాటి నుంచే. రీళ్ళు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్త రోజులవి. ఓబులేసు దగ్గర మంచి లెన్సులు రెండుండేవి. పెళ్ళికూతురి కన్ను తడిస్తే ఆ తడి కూడా ఫోటోలో పడేది. కె.ఆర్.పురంలో తెలుగువాళ్ళ ఇంట పెళ్ళంటే ముందు అతన్నే అడిగేవాళ్ళు. అలాంటివాడు ఆ రెండు లెన్సులూ అమ్మేసి, ఈ పొట్టి లావు లెన్సు కొనుక్కొచ్చాడు. దీని సంగతే వేరు. ఈ గోడ నుంచి ఆ గోడదాకా, నేల నుంచి కప్పుదాకా గది మొత్తం ఇందులో పట్టేస్తుంది. కాకపోతే అన్నీ చిన్న చిన్నగా, ఎక్కడో దూరాన ఉన్నట్టు కనిపిస్తాయి. జూమ్ తిప్పితే కాస్త దగ్గరికి వస్తాయి. ఓబులేసు తిప్పితే కదా! ఎప్పుడు చూసినా మహా వెడల్పు మీదే ఉంచుతాడు.

స్టూడియో యజమాని వెంకటరాయప్ప ఒకనాడు ఇంటికే వచ్చి తల పట్టుకున్నాడు.

"ఏందప్పా ఓబులేసూ, తాళి కట్టేటప్పుడు కూడా ఇదేనా? మంటపం ఉండాది, అయ్యవారు ఉండాడు, కట్టిన అరటిచెట్లు కూడా ఉండాయి. పెండ్లికూతురు యాడుందో మటుకు భూతద్దం పెట్టి ఎతకాల!"

"ఇంక దగ్గరికి పోయి తీస్తాలే అన్నా."

"పోయినావు కదప్పా, గ్రూపు ఫోటోకి! ఓరన నిలబడిన మేనమామ ముఖం గుమ్మడికాయ మాదిరి సాగిపాయ. ఆయప్ప ఆల్బం తెచ్చి నా ముందర పారేసినాడు. రాత్రి రిసెప్షన్ అంటే రానంటావు, పగలు వస్తే ఈ లెన్సు తెస్తావు. లెన్సు మార్చు. ల్యాకుంటే నేను మనిషిని మారుస్తా."

ఓబులేసు లెన్సు మార్చలేదు. వెంకటరాయప్పే మనిషిని మార్చాడు.

పని పోయినవాడు దిగులుపడతాడు, కసురుకుంటాడు, ఇంకో చోట అడుగుతాడు. ఇతను అవేవీ చేయలేదు. పొద్దస్తమానం కెమెరా కంటి మీదే. బడి నుంచి చిన్ని "నాన్నా" అంటూ పరిగెత్తుకొస్తే ముందు కెమెరా ఎత్తుతాడు, ఆ తరవాతే బిడ్డను ఎత్తుకుంటాడు. వీధిలో ఎవరైనా పక్కనుంచి తలూపి పలకరిస్తే మొహం తిప్పనైనా తిప్పడు. వాకిట్లో అలివేలు కూర్చుని వేసిన ముగ్గును, ఆమె చెయ్యి ఇంకా ముగ్గు మీద ఉండగానే తొక్కుకుంటూ పోతాడు. ఇంత పొగరు ఈ మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆమె కుమిలిపోయేది. పెళ్ళైన కొత్తలో ఆ కెమెరా మీటలన్నీ ఆమెకు దగ్గరుండి నేర్పినవాడే మరి.

అంతవరకైతే ఓర్చుకునేదేమో. నిన్న ఇంటి ఓనరు నంజప్ప ఆమెను మెట్ల దగ్గర ఆపాడు.

"అలివేలమ్మా, చెప్పేదానికే సిగ్గుగా ఉండాది. ఎదురింట్లో పీజీ హాస్టలు ఆడపిల్లోళ్ళు ఉండారు కదా, వాళ్ళు పోతా వస్తా ఉంటే మీ ఆయన వాకిట్లో నిలబడి కెమెరా పెడతాండాడంట. పోలీసు కంప్లెయింట్ ఇస్తామంటాండారు. నేనే, సుమ్నే ఉండండమ్మా, ఊరికే గలాటా యాల అని ఆపినాను. ఎన్ని దినాలని ఆపేది?"

అలివేలు తల ఎత్తలేకపోయింది. రాత్రంతా నిద్ర లేదు.

అందుకే ఇవాళ కాఫీ తుడిచిన గుడ్డ పిండి ఆరేసి, తనవీ చిన్నివీ బట్టలు సంచిలో కుక్కింది. దేవనహళ్ళిలో అన్న ఉన్నాడు. గంజో గటకో వాళ్ళతో పాటే. పిల్ల చెయ్యి పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"యాడికి?" అన్నాడు ఓబులేసు.

"మా అన్న ఇంటికి. మళ్ళా రాను. నువ్వూ నీ లెన్సూ సుఖంగా ఉండండి."

అతను గబుక్కున లేచాడు. అడ్డం వస్తాడేమో, చెయ్యి పట్టుకుంటాడేమో అనుకుంది. ఆ మనిషి చేసిందేమిటి? కెమెరా కంటికి ఎత్తాడు.

అలివేలు ఒళ్ళు మండిపోయింది. సంచి కింద పడేసి వచ్చి కెమెరా లాగేసుకుంది.

"పెండ్లాం బిడ్డా ఇల్లు దాటి పోతాంటే కూడా ఫోటోనేనా నీకు! ఆ ఆడపిల్లోళ్ళను ఎంతమందిని పట్టినావో చూస్తా. అన్నీ నా చేత్తోనే చెరిపి మరీ పోతా."

"వద్దు అలివేలూ."

"వద్దా? ఎందుకొద్దో తెలుస్తాదిలే!"

మీట నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. కార్డు పెట్టే చిన్న తలుపు తెరిచి చూసింది. లోపల ఖాళీ. కార్డే లేదు.

తెరిచిన ఆ తలుపును అతని వైపు తిప్పి చూపించింది.

"ఏమయ్యా, దీంట్లో కార్డే ల్యాదే! దినమంతా కంటికి పెట్టుకుని ఏం తీస్తాండావు?"

"ఏమీ తీయల్యా."

"మరి కంటికి పెట్టుకునేది యాల? మాతట్టు ఉత్త కండ్లతో ఒక్కసారన్నా చూస్తే నీ సొమ్మేం పోతాది?"

ఓబులేసు కెమెరా కోసం చెయ్యి చాచాడు.

"కండ్ల చుట్టూరా చీకటి మూసుకొస్తాండాది అలివేలూ, ఉత్త కండ్లతో చూస్తే నీ ముక్కుపుడక ఒక్కటే కనపడతాది, ఆ లెన్సులోనుంచి చూస్తేనే నువ్వూ చిన్నీ ఇద్దరూ పడతారు."