గోడ అవతలి జట్టు

"ఆ కుర్రాణ్ణి వదులుకున్నామంటే ఈ ఏడాదీ మనం అట్టడుగునే ఉంటాం సర్!"

పక్క గదిలోంచి లోకేశ్ గొంతు ఖంగుమంది. నవదీప్ తన పని ఆపి గోడకు చెవి ఆనించాడు.

ఆ నవంబరులో ఐర్లండ్ మళ్లీ లాక్‌డౌన్‌లో ఉంది. డబ్లిన్ శివారు బోమాంట్‌లోని ఆ అద్దె ఇంట్లో ఉండేది ముగ్గురు. లోకేశ్, అతని భార్య రమ్యశ్రీ, వాళ్ల దగ్గర చిన్న గది తీసుకున్న నవదీప్. రమ్యశ్రీ ఆసుపత్రిలో నర్సు. మగవాళ్లిద్దరిదీ ఒకే రకం పని. అమెరికాలోని బాస్కెట్‌బాల్ జట్లకు ఆటగాళ్ల బలాబలాలు తేల్చి చెప్పే డబ్లిన్ కంపెనీల్లో ఉద్యోగం. కంపెనీలు వేరు, జట్లు వేరు. లోకేశ్ ఏళ్ల తరబడి ఈ పనిలో పండినవాడు. నవదీప్ ఐర్లండ్‌లోనే కార్లో అనే ఊళ్లో చదువు ముగించి, మొన్న సెప్టెంబరులోనే చేరాడు.

డ్రాఫ్ట్ దగ్గరపడింది. కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజు అది. ఒక జట్టు తీసుకున్నవాడు ఇంకో జట్టుకు దొరకడు. అందుకే తమకేం లోటుందో, దాన్ని ఎవరు పూడుస్తారో ముందే తేల్చుకోవాలి. నవదీప్ తేల్చేశాడు. తన జట్టుకు ఒక పొడగరి కావాలి. బాస్కెట్ కింద నిలబడి, గురి తప్పిన బంతిని ఒడిసిపట్టేవాడు.

లోకేశ్ మాటలు వింటుంటే ఆ నమ్మకం సడలిపోయేది. అతను చెబుతుంటే ఆట కళ్ల ముందు కనబడేది. పైగా మీటింగులో నవదీప్ రెండు ముక్కలు అనేలోపే ఎవరో ఒకరు అడ్డు తగిలేవారు. లోకేశ్‌ను మాత్రం ఎవరూ ఆపినట్టే ఉండేది కాదు. వాళ్ల బాస్ తెలుగువాడే కాబోలు, మాటంతా తెలుగులోనే. కడదాకా విని, అతనేమంటే దానికి సరేనన్నట్టే ఉండేది.

రమ్యశ్రీ డ్యూటీ నుంచి వచ్చింది. ముఖం మీద మాస్కు అచ్చులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. లోకేశ్ గది ముందు చప్పుడు కాకుండా నడిచి, టీ కప్పు గుమ్మం దగ్గర పెట్టింది.

"మీ అన్నకి ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేదు నవదీప్," అంది వంటింట్లో అతను ఎదురుపడితే, గొంతు తగ్గించి. "వార్డులో ఎంత నలిగిపోయినా సరే, ఇంటికొచ్చి ఆ గొంతు వింటే ప్రాణం లేచొస్తుంది నాకు."

నవదీప్ తన టీ తనే పెట్టుకున్నాడు. తన గుమ్మం ముందు ఎవరూ ఏనాడూ టీ పెట్టలేదు. తన గొంతు విని ఎవరి ప్రాణమూ లేచి రాలేదు.

అంతకుముందు వారం ఇదే వంటింట్లో లోకేశ్ మాట కదిలించాడు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం.

"మీ జట్టు కథేంటయ్యా? లోటెక్కడుంది?"

అడిగి, ఆకలిగొన్నవాడు అన్నం వంక చూసినట్టు చూశాడు. కూపీ లాగుతున్నాడనుకుని నవదీప్ ముక్తసరిగా జవాబిచ్చాడు. లోకేశ్ కాసేపు గిన్నె కడిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాడు.

"మీ ఆఫీసులో ఎవరినైనా తీసుకుంటున్నారా?"

ఆ ఉదయమే నవదీప్ మేనేజర్ ఫియోనా అడిగింది, ఇంకో మనిషి కావాలి, నీకు తెలిసినవాళ్లలో గట్టివాళ్లుంటే చెప్పమని. ఉన్న కుర్చీ చాలక నా నెత్తిన కూడా కూర్చుంటాడా, అనుకున్నాడు నవదీప్.

"లేదన్నా. ఎవ్వర్నీ తీస్కుంటలేరు."

"సర్లే, ఊరికే అడిగా," అని లోకేశ్ నవ్వాడు.

ఇప్పుడు గోడ అవతల అదే గొంతు ఉరుముతోంది.

"పొడుగువాళ్లు ఊరంతా ఉన్నారు సర్. ఆట చెదిరిపోయినప్పుడు బంతిని చేతిలోకి తీసుకుని, కంగారుపడకండ్రా అని చెప్పేవాడు ఉన్నాడా? ఆ ఎడమచేతివాటం కుర్రాణ్ణి చూడండి. పొట్టివాడని అందరూ వదిలేస్తున్నారు. పక్కవాడు పరిగెత్తకముందే వాడు ఎటు పరిగెత్తుతాడో తెలుసు వీడికి. మన వంతు దాకా మిగిలితే మన అదృష్టం!"

నవదీప్ పెదాల మీద నవ్వు మొలిచింది. వంతుల్లో తన జట్టు లోకేశ్ జట్టుకంటే ముందుంది.

మిగలనిస్తే కదా.

తన నివేదికలోంచి పొడగరిని పీకేసి ఎడమచేతివాటం కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు. మీటింగులో లోకేశ్ మాటల్నే ఇంగ్లీషులోకి మార్చి అప్పజెప్పాడు. ఆ రోజు అతనికి ఎవరూ అడ్డు తగల్లేదు.

డ్రాఫ్ట్‌లో నవదీప్ జట్టు ఆ కుర్రాణ్ణే ఎగరేసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లాడు, వాడిపోయిన ముఖం ఒకటి కళ్లారా చూద్దామని. లోకేశ్ ఎదురొచ్చి భుజం తట్టాడు.

"భలే పట్టారయ్యా మీవాళ్లు! చెప్పింది నువ్వేనా? మంచి కన్నుంది నీకు."

కళ్లు నిజంగానే మెరుస్తున్నాయి. ఏడుస్తాడనుకున్నవాడు అలా మెరుస్తుంటే నవదీప్‌కు గెలుపు కూడా చప్పబడిపోయింది. ఇంత పోగొట్టుకున్నా చలించడే! ఎంత ధీమా ఉంటే ఇలా ఉంటాడు?

గదిలోకి వచ్చేసరికి ఫియోనా ఫోన్ చేసింది.

"గ్రాండ్ వర్క్, నవదీప్! అమెరికావాళ్లు తెగ మెచ్చుకుంటున్నారు. అలా ఆలోచించే ఇంకో మనిషి దొరికితే బాగుండు."

మెప్పు అందినా కసి తీరలేదు. లోకేశ్ ఓడాడని ఎవరో ఒకరు పైకి అనాలి.

"ఆ కుర్రాడి మీద ఇంకో జట్టు కూడా కన్నేసింది," అన్నాడు. లోకేశ్ కంపెనీ పేరు చెప్పాడు. "వాళ్ల మనిషి మా ఇంట్లోనే ఉంటాడు. రోజూ మీటింగుల్లో ఒకటే అరుపులు. పాపం, ఇవాళ వాళ్ల బాస్‌కి ఏం జవాబు చెప్పుకుంటాడో!"

ఫియోనా ఆ పేరు మళ్లీ చెప్పించుకుంది.

"ఆ కంపెనీ ఆగస్టులోనే మూతపడిపోయింది కదా నవదీప్, ఇంకా అక్కడ పనిచేసేవాళ్లంటూ ఎవరున్నారు?"