దారం మిగిల్చిన చొక్కాలు

బొంతలమ్మ బీరువాలోంచి నీలం చొక్కా తీసింది. హ్యాంగరు పక్కన పడేసి, కాలరు కిందనుంచి కత్తెర దింపింది.

రెండో మిషను మీద కుట్టే అమ్మాయి ఉలిక్కిపడింది. “అయ్యో, అది కొత్తదే కదా!”

“కొత్త గుడ్డయితే ఇంకా చక్కగా తెగుతుంది.”

వీధి గదిలో ఆ రెండు మిషన్లే. ఇద్దరూ పొద్దస్తమానం బొంతలకు ముక్కలు అతుకుతారు. ముక్క అంచు మీద నేరుగా సూది దింపితే దారం చిక్కుపడుతుంది. ప్రతి ముక్కకీ జానెడు దారం వదిలి కత్తిరిస్తే ఉండలకు ఉండలు హరించుకుపోతాయి. అందుకే బొంతలమ్మ ముందు ఓ పనికిరాని పేలిక మీద సూది నడిపిస్తుంది. దారం తెంపకుండా, దాని వెనకే అసలు ముక్కలు వరసగా పెడుతుంది. చివర మళ్ళీ పేలిక. ఎన్ని పోట్లు తిన్నా ఆ పేలిక బొంతలోకి రాదు. బిరుసెక్కాక చెత్తబుట్టలోకి పోతుంది.

ఆ చొక్కాల మనిషి బట్టల కొట్టు ఆవిడతో లేచిపోయిన మర్నాటినుంచి, ఈ ఇంట్లో పేలికలంటే అతని చొక్కాలే.

“మంచి గుడ్డ... పోనీ, బొంతలోకే వేద్దామా?” అంది ఆ అమ్మాయి, నెమ్మదిగా.

“వద్దు. వాడి గుడ్డ ఎవరికీ వెచ్చగా ఉండకూడదు.”

వీధిలోవాళ్ళు ఊరుకుంటారా? ఎదురింటి పెద్దాయన గుమ్మంలో నిలబడి నచ్చజెప్పాడు. “మగవాడు, కాలు జారాడు. తిరిగొస్తే కడుపులో పెట్టుకోవాలి గానీ, ఇదేం పంతం?”

“పెట్టుకున్నాను బాబాయిగారూ. ఒకసారి పెట్టుకున్నందుకే ఇంత అనుభవిస్తున్నా.”

పెద్దాయన గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు అతను రానే వచ్చాడు. ఉండటానికి కాదు. బట్టల కొట్టు ఆవిడ తమ్ముడి పెళ్ళట, నీలం చొక్కా కావాలట. రెండో మిషను వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా వెళ్ళి బీరువా తెరిచాడు. ఉత్త హ్యాంగర్లు ఊగాయి.

“నా చొక్కాలేవీ?”

బొంతలమ్మ మిషను తొక్కడం ఆపి, చెత్తబుట్టను కాలితో అతని ముందుకు నెట్టింది.

అతను వంగి ఒక ముక్క తీశాడు. నీలం గుడ్డ. దాని మీద ఎర్రదారం, తెల్లదారం, నల్లదారం, సందు లేకుండా పోట్లు. మొహం మాడిపోయింది.

“నీకేమైనా పిచ్చి పట్టిందా? నా మీద ఇంత పగా?”

“ఇన్నేళ్ళూ నీ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసింది ఈ చేతులే. చింపే హక్కూ వీటికే ఉంది.”

“ఇంక ఈ గడప తొక్కితే ఒట్టు!”

“ఆ మాట మీద నిలబడు. నువ్వు పోయాక ఇక్కడేం లోటు రాలేదు. దారం కూడా మిగులుతోంది.”

అతను బుట్టను ఒక్క తన్ను తన్ని బయటికి నడిచాడు. పేలికలు గదంతా చెదిరాయి. బొంతలమ్మ వాటికేసి చూడలేదు. సూది కింద ఇంకో ముక్క పెట్టింది.

గేటు చప్పుడు వినబడ్డాక, రెండో మిషను ముందునుంచి అతని భార్య కళ్ళు తుడుచుకుంటూ లేచి, “తలుపు గడియ పెట్టెయ్యనా అత్తయ్యా?” అంది.