నా ఇంట్లో మీటింగు

ఎవరు సెక్రటరీ అయితే వాళ్లింట్లోనే మీటింగు పెట్టాలన్నది మా అపార్ట్‌మెంటు రూలు. ఈసారి ఎన్నికల్లో నేను పోటీకి దిగితే, పాత సెక్రటరీ ఆ సంగతి మర్చిపోయి తేలిగ్గా తీసుకున్నాడు.

అతనుండేది కింద. నేనుండేది అన్నిటికంటే పై అంతస్తులో. మోకాళ్లు మొరాయించి ఏళ్ల తరబడి ఇంట్లోనే పడి ఉన్నాను. లిఫ్ట్ పెట్టించు బాబూ అని ఫోన్ చేస్తే, "ఎలాగూ గడప దాటరు, మీకు లిఫ్టెందుకు పిన్నిగారూ?" అని నవ్వాడు.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఇంటింటికీ ఫోన్ చేసి ఓట్లడిగాను. నాకు తీరికకేం తక్కువ? గెలిచాను.

ఇవాళ మొదటి మీటింగు. అందరూ రొప్పుతూ ఎక్కొచ్చారు. ఆఖరున అతను, గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ అన్నాడు.

"లిఫ్ట్... పెట్టించేద్దాం పిన్నిగారూ!"

"ఎప్పుడూ పైకి రానివాడివి, నీకు లిఫ్టెందుకు నాయనా?"

అందరూ గొల్లుమన్నారు. అతని మొహం కందగడ్డలా అయింది. నా కడుపు చల్లబడింది.

లిఫ్ట్ సంగతి వచ్చే మీటింగుకి వాయిదా వేశాను. ఆయాసం తీరేదాకా ఎవరూ కదల్లేదు. టీలు తాగారు, పిల్లల గొడవలు చెప్పుకున్నారు, నా మోకాళ్లెలా ఉన్నాయని అడిగారు. అతనైతే రెండో కప్పు కూడా తాగాడు.

వాళ్లు వెళ్లాక చూస్తే సింకు నిండా ఎంగిలి కప్పులు. ఒక్కొక్కటే మెల్లగా కడిగాను.

లిఫ్ట్ వస్తే నేను కిందికి దిగొచ్చు, నిజమే. కానీ ఆయాసం రాకపోతే వీళ్లు గుమ్మంలోనే సంతకం పెట్టించుకుని చక్కా పోతారు.

ఇంకొన్నాళ్లు మెట్లే ఎక్కనీ.