కొంగున కట్టిన పప్పు

చర్చి కొట్టుగదికి తాళం వేసి వస్తున్న బుచ్చవ్వ కొంగున ఓ ముడి కనిపించింది.

షారోన్ గుమ్మంలోనే ఆపింది. ఆమె కొత్త పాస్టరుగారి భార్య. ఖానాపూర్ వచ్చి నెల కాలేదు, వానలింకా తగ్గలేదు.

"కొంగుల ఏందవ్వా?"

"పప్పు బిడ్డా."

"ఎక్కడిది?"

"గీడిదే."

ఆ చర్చి ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు కందిపప్పు తీసి పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి కొట్టుగది డ్రమ్ములో పోస్తారు. క్రిస్మస్ విందుకు ఆ పప్పే ఉడకాలి.

ఆ డ్రమ్ము బాగోగులు బుచ్చవ్వవి. సోమవారం సోమవారం వచ్చి చెరిగేది. ఓ బద్ద పంటికింద వేసేది. కటుక్కుమంటే సరే, మెత్తగా నలిగితే ఎండకు పోసేది. కాస్త ఆముదం పట్టించి, వేపాకు పరిచి మూత పెట్టేది. పాత పాస్టరుగారి భార్య ఇచ్చిన తాళంచెవి మెడలోనే ఉండేది.

ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. చర్చి పుస్తకంలో పేరు కూడా లేదు.

షారోన్ అరవలేదు. అరిచినా బాగుండేది. దొంగ అన్న మాట ఒక్కటి నోట రానివ్వకుండా, చెయ్యి చాపి తాళంచెవి అడిగింది.

బుచ్చవ్వ ముడి విప్పబోయింది. షారోన్ మొహం తిప్పుకుంది.

"ఉంచుకో అవ్వా. మల్ల రాకు."

"నాకు పొయ్యేతందుకు గిదొక్కటే జాగ ఉండె బిడ్డా," అని బుచ్చవ్వ తాళంచెవి ఇచ్చేసింది.

రెండు ఆదివారాలు చివరి చాప మీద కూర్చుంది. ఎవరూ పలకరించలేదు. ఆ తర్వాత ఆ మూల ఖాళీ. అదీ ఎవరూ చూడలేదు.

క్రిస్మస్ ముందురోజు పొద్దున డ్రమ్ము తెరిస్తే అంతా పురుగు. నీళ్లలో పోస్తే సగం పప్పు బొక్కలు పడి పైకి తేలింది.

వంటచేసే గంగుబాయి నెత్తి కొట్టుకుంది. "గిన్నేండ్లల్ల ఒక్కసారి పుచ్చలే అమ్మగారూ. అవ్వ ఏది?"

షారోన్‌కు సిగ్గేసింది. తాళంచెవి పట్టుకుని ఊరి చివర బుచ్చవ్వ ఉండే రేకుల గదికి తనే వెళ్లింది.

పక్కింటి బిస్మిల్లా బీ తలుపు తీసి చూపించింది.

"పోయి తొమ్మిది దినాలాయె బేటీ. జరమొచ్చింది. ఎవ్వలు రాలే. మేమే మట్టి చేసినం."

లోపల రెండు కుండలు. పొయ్యి పక్కదాంట్లో పుచ్చిన బద్దలు, సగం ఖర్చయినవి. మూలనున్నదాంట్లో వేపాకు కింద పచ్చగా మెరిసే పప్పు, నిండుగా.

మంచిది పెట్టుకుని పుచ్చుది ఎందుకు తిన్నదని అడిగింది షారోన్.

"మంచిది మీ చర్చిది బేటీ. కూలికి కందులే అడిగి తెచ్చి ఇసుర్రాయిల ఇసిరేది. మీ డ్రమ్ములకెళ్లి పుచ్చుది ఎంత ఏరి తెచ్చుకుంటే, గంత మంచిది కొంగుల కట్కపోయి పోస్తుండె, తాళంచెవి ఉన్నన్ని దినాలు."